ఇంట్ల పేరు

1974 జనవరి 20, ఆదివారం. పగలు పది గంటలకు పఠన మందిరంలో కమిటీ సమావేశం. హాజరైనవారు: అధ్యక్షులు హైస్కూలు హెడ్‌మాస్టరు గారు, గని ఆఫీసు టైమ్‌కీపరు గారు, పెద్దపల్లి నుంచి వచ్చిన ప్రెస్సు యజమాని, టపా కాక, కార్యదర్శిగా నేను. విషయం: పత్తాల పుస్తకం రెండో కూర్పు. తీర్మానం: నకలులో వరస తప్పినందున మళ్లీ రాయాలి.

ఆనాటి నా డైరీలో ఇంతే ఉంది. ఇన్నేళ్లుగా రోజూ రాస్తున్న డైరీల్లో, తప్పని తెలిసీ రాసిన వాక్యం ఆ చివరిదొక్కటే. నకలులో వరస ఎక్కడా తప్పలేదు.

పోయిన గురువారం పెద్దపల్లి బస్టాండులో మా పాత టైలరు కనబడ్డాడు. మాటల మధ్యలో, టపా కాక కమాన్‌పూర్ పక్క ఊళ్లో బిడ్డ దగ్గర ఉంటూ పోయాడని, నెల దాటిందని చెప్పాడు. ఊరందరి కబుర్లూ మోసినవాడి కబురు నాకు నెల ఆలస్యంగా, నోటిమాటగా అందింది. ఇంటికి వచ్చి డెబ్భై నాలుగు డైరీ తీశాను.

ఆయన పేరు రాయను. ఊళ్లో ఆ పేరుతో పిలిచినవాళ్లు ఎవరూ లేరు. ఇంటింటికీ ఉత్తరాలు పంచే ఆయన, పసిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరికీ టపా కాక. పొట్టి మనిషి. ఖాకీ చొక్కా మోచేతుల దగ్గర ఎప్పుడూ వేరే గుడ్డ అతుకు. చెవి మీద పెన్సిలు. సైకిలు ఉండేది కాని దాని మీద ఎక్కగా నేను చూడలేదు. సంచి సైకిలుకు తగిలించి, హ్యాండిల్ పట్టుకుని పక్కన నడిచేవాడు. ఎందుకు ఎక్కవని అడిగితే, "ఎక్కితే ఇండ్లు ఎనుకకు పోతయి సారూ, నేను చూడొద్దా?" అన్నాడు.

నేను 1964లో హైస్కూలు గుమాస్తాగా వచ్చేసరికి ఊరు ఇంకా ఊరు కాదు. గోదావరి ఒడ్డు నుంచి ఇటు పల్లెలు, మధ్యలో పొదలు, ఆ మధ్యలో బొగ్గు గనులు. గనిని ఇక్కడ బాయి అంటారు. ఒక బాయి తెరిస్తే దాని చుట్టూ నెల తిరక్కుండా ఒక వాడ లేచేది. గుడిసెలు వేసిన నేలలో బొగ్గు ఉందంటే ఆ వాడంతా మూటలు కట్టుకుని ఇంకో చోటికి పోయేది. రేకుల ఇళ్లు వచ్చాయి, కంపెనీ క్వార్టర్లు వచ్చాయి, కరెంటు ఫ్యాక్టరీ పెరిగింది, ఎరువుల ఫ్యాక్టరీ పునాదులు లేచాయి. నిన్న కార్డు ఇచ్చిన గుడిసె ఇవాళ ఉండేది కాదు. గుడిసె ఉంటే అందులో మనిషి మారేవాడు. పదేళ్లలో పల్లె కాస్తా పట్నమైంది.

అట్లాంటి చోటుకు పత్తాల పుస్తకం కావాలని మా పఠన మందిరం కమిటీకి 1967లో బుద్ధి పుట్టింది. ఏ వాడ ఎక్కడ, ఏ ఇంట్లో ఎవరు, దవాఖాన ఎటు, ఇవన్నీ ఉన్న పుస్తకం. మొదటి కూర్పు అచ్చయింది. టపా కాక ఒక ప్రతి సంచిలో వేసుకుని, మరుసటి వారం నుంచే దాని మీద పెన్సిలుతో గీతలు పెట్టడం మొదలుపెట్టాడు. రెండేళ్లకు అచ్చక్షరాలు కనబడలేదు, పెన్సిలే కనబడింది. అందులో పదకొండు ఇళ్లకు ఒక చాయ్ హోటలును ఆనవాలుగా పెట్టాం. ఆ హోటలు మూడుసార్లు చోటు మారింది.

"నడిచేదాన్ని ఆనవాలు పెట్టినవేంది సారూ?" అన్నాడు ఒకనాడు నాతో.

"హోటలు నడుస్తుందా?"

"ఈ ఊర్ల నడువనిది ఏదన్నా ఉంటే చెప్పు, దాన్నే పెడుదాం."

ఆయన తీరు ఒకటి మొదట్లో నాకు అర్థం కాలేదు. ఎవరి గడపలో నిలబడినా ముందు "తిన్నవా?" అని అడిగేవాడు. తిన్నామంటే ఉత్తరం తీసేవాడు. తినలేదంటే "తినుండ్రి, మల్లస్త" అని పక్కింటికి పోయేవాడు. చదువు రాని ఇళ్లలో కార్డు చదివి పెట్టే పని కూడా ఆయనదే. చావు కబురు ఉన్న కార్డును ఆకలి కడుపుతో ఉన్నవాళ్లకు చదవకూడదని ఆయన నియమం. మరి అందరినీ ఎందుకు అడుగుతావంటే, "చెడ్డ కార్డు ఉన్ననాడే అడిగితె ఎర్కయితది కద సారూ. గందుకే దినాం అడుగుత," అన్నాడు. అట్లా వాడంతా రోజూ ఆయనకు తిన్నామో లేదో చెప్పేది.

బోరింగు దగ్గర ఆడవాళ్లు ఆయన్ను ఆడించేవాళ్లు. "కాకా, అందరికి తెస్తవ్, నాకు ఒక్క కార్డు తేవైతివి," అంటే, "నీకు రాసెటోడు నీ ఇంట్లనే ఉండె. అలిగి పుట్టింటికి పో, వారంల తెస్త," అనేవాడు. నీళ్లు చిందేలా నవ్వేవాళ్లు. ఒకామె బిందె ఎత్తి, "టపా ఇచ్చుడు తక్కువ, మంచినీళ్లు తాగుడు ఎక్కువ. అది కడుపు గాదు కాకా, కాగు," అనేది. నిజమే, ప్రతి ఇంట్లోనూ మంచినీళ్లు అడిగేవాడు. నీళ్లు తాగే ఆ రెండు నిమిషాల్లో ఆ ఇంట్లో ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారో వినేవాడు. ఎవరినీ నీ పేరేంటని అడగగా నేను వినలేదు.

ఒకసారి షిఫ్టు దిగే వేళకు ఆయనతో పాటు బాయి మీదికి వెళ్లాను. పైకి వస్తున్నవాళ్లందరూ ఒకటే నలుపు. కళ్లూ పళ్లూ తప్ప ఏమీ తెలియదు. ఈయన గేటు పక్కన నిలబడి, మొహాల వంక చూడకుండా నేల చూపుతో ఉత్తరాలు పంచుతున్నాడు. "ఏ, ఎడమకాలు ఈడ్చెటోడా, ఆగు." ఆగినవాడు కార్డు అందుకుని నవ్వాడు.

"గిట్లుంటే మా అవ్వనే గుర్తు పట్టది కాకా. నువ్వెట్ల పడ్తవే?"

"మీ అవ్వ మొకం చూస్తది, నేను నడక చూస్త. బొగ్గు మొకానికంటుతది గని నడకకంటుతదా?"

ఆ ఒక్క గంటలో ఇరవై ఉత్తరాలు పోయాయి. ఒక్కటి కూడా తిరిగి రాలేదు. పత్తా సరిగా లేదని ఉత్తరం వెనక్కి పంపడం ఆయనకు తన మొహాన ఎవరో ఉమ్మినట్టు ఉండేది. "పత్తా లేని మనిషి ఉండడు సారూ. మనకు దొరకలే, గంతే," అనేవాడు.

1973 దసరా తర్వాత రెండో కూర్పు వేద్దామని కమిటీ అనుకుంది. సమాచారం ఎక్కడిదంటే ఎవరూ ఆలోచించలేదు, అందరి చూపూ ఆయన సంచి మీదికే పోయింది. అందులో ఒక పొడుగు పుస్తకం ఉండేది. టపా కట్టలకు చుట్టి వచ్చే గోధుమరంగు కాగితాలు కత్తిరించి, గోనెదారంతో కుట్టుకున్నది. అన్నేళ్లుగా రోజూ సరిచేస్తూ వచ్చిన పుస్తకం. ఎవరి చేతికీ ఇవ్వనిది నాకు ఇచ్చాడు. రెండు చేతులతో ఇచ్చాడు.

అందులో పేర్లు అక్షరక్రమంలో లేవు, ఆయన నడక క్రమంలో ఉన్నాయి. నేను వాటిని అకారాదిగా మార్చాలంటే ఆయనకు నవ్వొచ్చింది. "అ పక్కింట్ల ఆ ఉంటడా సారూ? అక్షరాల వరసన ఎవడన్న కాపురముంటడా?" పుస్తకాలు అట్లాగే ఉంటాయి కాకా అన్నాను. "సరే, నీ పుస్తకం నీ ఇష్టం," అన్నాడు.

పేజీకి మూడు గళ్లు. మొదటి గడి మీద 'పే.', రెండో దాని మీద 'ఇం.పే.', మూడో దాని మీద 'ఆ.' అని రాసి ఉంది. పేరు, ఇంటిపేరు, ఆనవాలు. మొదటిదీ మూడోదీ ప్రతి వరసలో నిండుగా ఉన్నాయి. ఇంటిపేరు గడి మాత్రం ఎక్కడో ఒకచోట తప్ప ఖాళీ.

ఇచ్చేటప్పుడు ఆయన ఒక మాట అన్నాడు. "సారూ, పేరు రాసుకో, ఆనవాలు రాసుకో. నడిమిట్ల ఇంట్ల పేరు మాత్రం ఎక్కియ్యకు."

"ఎందుకు కాకా?"

"ఇంట్ల పేరు ఇంట్లనే ఉండాలె."

నేను తలూపాను. అన్ని గడులు ఖాళీగా ఉన్నందుకు మొహమాటపడి అంటున్నాడనుకున్నాను. ఆ చలికాలమంతా సాయంత్రాలు బడి మూశాక కూర్చుని నకలు రాశాను. రాస్తుంటే చిక్కు తెలిసింది. రేకుల లైనులోనే నలుగురు రాజమల్లులు. ఇంటిపేరు లేకుండా వాళ్లను విడదీసేదెట్లా? ఉన్న సమాచారాన్ని వదిలేయడం నా స్వభావానికి పడదు. ఇంటిపేరు ఉన్నచోటల్లా ముందు అది పెట్టి, తర్వాత పేరు రాశాను. లచ్చయ్య రాజమల్లు. ఓదెలు కొమురయ్య. పోచయ్య శంకరు. ఇంటిపేర్లన్నీ మనుషుల పేర్లలా ఉన్నాయని అనిపించకపోలేదు. తాత పేరుతో ఇంటిని పిలవడం మా వైపు ఊళ్లలో ఉన్నదే కదా అని సమాధానపడ్డాను. ఆయనకు చెప్పలేదు. అచ్చయ్యాక చూసి మెచ్చుకుంటాడనుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇప్పుడు అందరికీ తెలిసిందే, అప్పుడు బడి వాడిని కాబట్టి నాకు తెలియదు. బాయి పనికి పేర్లు రాయించుకున్నప్పుడు ఇంట్లో అన్న పేరు రాయించేవాళ్లు. పిలుపు వచ్చేసరికి అన్నకు జ్వరమో, నేల కిందికి దిగాలంటే భయమో. తమ్ముడు పోయి "నేనే" అని నిలబడేవాడు. ఆ దినం నుంచి హాజరు పుస్తకంలో అతను అన్నే. బావ పేరు మీద బామ్మర్ది, దోస్తు పేరు మీద దోస్తు, అట్లా ఎందరో. బాయి మీద ఒక పేరు, ఇంట్లో ఒక పేరు. బయటపడితే పని పోతుంది. కాని ఊరి నుంచి తల్లి రాయించే కార్డు మీద ఇంట్లో పేరే ఉంటుంది. ఆ కార్డు చేరాలంటే ఈ రెండు పేర్లూ ఒక్క మనిషివని ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి. ఆ ఒక్కరు టపా కాక. నేను ఇంటిపేరు అని చదివిన గడి ఇంటిపేరు కాదు. ఇంట్ల పేరు.

అట్లా ఎవరెవరు మారు పేరుతో పని చేస్తున్నారో, వాళ్ల రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి, ఏ ఇంట్లో ఉంటారో ఆనవాలుతో సహా, ఎర్ర సిరా గీతలు కొట్టి, గుండ్రని అక్షరాలతో నకలు తయారుచేశాను. ఆయన పుస్తకం ఆయనకు తిరిగిచ్చి, నకలు తీసుకుని ఆ ఆదివారం సమావేశానికి వెళ్లాను.

టీలు వచ్చాయి. హెడ్‌మాస్టరు గారు చదవమన్నారు. టపా కాక కిటికీ పక్కన బల్ల చివర కూర్చున్నాడు. కుర్చీలో ఎప్పుడూ కూర్చునేవాడు కాదు. నేను రేకుల లైను తీశాను.

"లచ్చయ్య రాజమల్లు, మూడో వరస, బోరింగుకు ఎదురు."

టపా కాక టీ గ్లాసు నోటిదాకా తెచ్చి ఆపాడు. నేను చూశాను గాని ఆగలేదు.

"ఓదెలు కొమురయ్య, మూడో వరస చివర. పోచయ్య శంకరు..."

"ఒక్క నిమిషం," అన్నారు టైమ్‌కీపరు గారు. ఆయన కోస్తా వైపు నుంచి వచ్చినవారు. చెడ్డవారు కాదు. పద్ధతి గల మనిషి, ఒక్క నిమిషం ఆలస్యాన్నీ వదలరు. "ఈ ఇంటిపేర్లన్నీ మనుషుల పేర్లేమిటండీ? ఈ రాజమల్లు మా బుక్కులో ఉన్నాడు. ఇంటిపేరు వేరే ఏదో గుర్తు. లచ్చయ్య మాత్రం కాదు."

"అచ్చయ్యే పుస్తకం కదా, సరిగ్గా ఉండాలి," అన్నారు ఆయన. "అసలు పుస్తకం, ఈ నకలూ రెండూ నాకివ్వండి. రేపు ఆఫీసు రిజిస్టరుతో ఒక్కో పేరూ పోల్చి చూసి పెడతాను."

ఆయన సాయం చేద్దామనే అన్నారు. నేను టపా కాక వైపు చూశాను. సంచిలో పుస్తకం ఉన్న చోట అరచేయి ఆనించి కూర్చున్నాడు. ఇంట్ల పేరు ఇంట్లనే ఉండాలె అన్న మాట అప్పుడు నాకు అర్థమైంది.

టపా కాక లేచి నిలబడ్డాడు. "తప్పు రాసిన సారూ," అన్నాడు.

ఆ మాట ఆయన నోట అంతకుముందు ఎవరూ వినలేదు. హెడ్‌మాస్టరు గారు కళ్లద్దాలు తీశారు. "నువ్వా? తప్పా?"

"అవి ఇంటిపేర్లు గావు సారూ. ఇంటికాడికెల్లి కార్డులేసెటోల్ల పేర్లు. ఎవలికి ఎవలు రాస్తరో గుర్తుకని పక్కన రాసుకున్న. లచ్చయ్య అనేటాయన రాజమల్లుకు కార్డేస్తడు. పుస్తకమే గలత్ రాసిన. కొట్టెయ్యుండ్రి."

తన పుస్తకాన్ని తానే తప్పంటున్నాడు. ఉత్తరం ఒక్కటి వెనక్కి పోతే రెండు రోజులు అన్నం సయించని మనిషి. నాకు కూర్చోబుద్ధి కాలేదు. "ఆయన పుస్తకంలో తప్పు లేదండీ," అన్నాను. "నకలు రాసింది నేను. వరస తప్పి రెండు గళ్లూ కలిపేశాను. తప్పు నాది."

"సార్‌ది గాదు, నాదే."

"కాదు కాకా, నాది."

హెడ్‌మాస్టరు గారు బల్ల మీద చరిచి నవ్వారు. "మంచిపేరు కోసం కొట్లాడెటోల్లను చూసిన గని తప్పు కోసం కొట్లాడెటోల్లను ఇయ్యాలనే చూస్తున్న. ఇగ ఎవల్ని తిట్టాలె నేను?"

"ఎవలిదో ఒకలిది ఖాయం చెయ్యుండ్రి," అన్నాడు ప్రెస్సు యజమాని వాచీ చూసుకుంటూ. "నాకు రెండు గంటలకు బండి. అక్షరాలు పేర్చాల్నా వద్దా?"

టైమ్‌కీపరు గారు నవ్వలేదు. చేయి చాపే ఉన్నారు. "తప్పు ఎవరిదైనా, పుస్తకం ఇస్తే నేను చూసిపెడతాను కదా."

"ఇయ్య సారూ," అన్నాడు టపా కాక.

"ఎందుకివ్వవు?"

"ఎవలు ఎవలికి రాస్తున్నరో ఇంకోలకు చూపియ్యొద్దు. టపా కాయిదా. మీ హాజరు బుక్కు నేనడిగితె మీరిస్తరా?"

టైమ్‌కీపరు గారు చాపిన చేయి వెనక్కి తీసుకున్నారు. "రూలైతే రూలే," అన్నారు. "నేనూ ఇవ్వను." గ్లాసులో మిగిలిన టీ తాగేసి, "అయితే ఇంటింటికీ వెళ్లి, ఎవరి నోటితో వాళ్లు చెప్పిన పేరే రాయండి. అదే పద్ధతి," అన్నారు. హెడ్‌మాస్టరు గారు సరేనన్నారు. నేను మినిట్సులో వరస తప్పిందని రాశాను. ఇంటికి వచ్చి డైరీలోనూ అదే రాశాను.

సమావేశం అయ్యాక ఇద్దరం బజారు దాకా నడిచాం. క్షమాపణ ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు. చాయ్ హోటలు ముందు ఆయన సైకిలు ఆపి చేయి చాపాడు. నకలు ఇచ్చాను. మూడు నెలల సాయంత్రాలు. ఆయన ఒకసారి తిరగేసి, "చేతిరాత ముత్యాలోలె ఉన్నది సారూ," అన్నాడు. నిజంగానే మెచ్చుకున్నాడు. తర్వాత హోటలు బొగ్గు పొయ్యిలోకి నాలుగేసి కాగితాలు చొప్పున పెట్టాడు.

"ఓ కాకా, పొగ లేస్తున్నది, గిరాకి పోతది!" అని అరిచాడు హోటలు ఆయన.

"గీ పొగకే పోయే గిరాకి ఈ ఊర్ల ఏడున్నదిరా? రెండు చాయ్ పొయ్యి."

చాయ్ తాగుతూ అన్నాను, "నాకు ముందే చెప్పి ఉండొచ్చు కదా కాకా."

"చెప్తి కద. ఇంట్ల పేరు ఎక్కియ్యకని."

"ఇంటిపేరు అనుకున్నాను."

"గదే మరి. చదువుకున్నోనికి రాసింది కనవడ్తది, చెప్పింది ఇనవడది," అన్నాడు. గ్లాసు కడిగి పెట్టాడు. "రేపు ఎనిమిదింటికి బోరింగు కాడికి రా. నీకు తెల్లకాయితం, నాకు సైకిలు. ఒకటో ఇంటికెల్లి సురువు చేద్దాం." ఆ మాటల్లో కోపం కోసం వెతికాను. లేదు. మళ్లీ మొదటి నుంచి ఊరంతా నడవాల్సి వచ్చినందుకు ఆయనకు లోపల సంతోషంగా ఉన్నట్టే అనిపించింది.

మరునాడు సోమవారం. బడికి అర్ధదినం సెలవు పెట్టి ఎనిమిదికి రేకుల లైనుకు వెళ్లాను. ఆయన అప్పటికే ఒక ఇంట్లో నీళ్లు తాగుతున్నాడు. ఆ ఇంటావిడ గడప ముందు పొయ్యిలోకి బొగ్గు పగలగొడుతోంది. నేను కాగితం తీసి, "మీ ఇంటాయన పేరేమిటమ్మా?" అన్నాను.

"శంకరు," అంది సుత్తి ఆపకుండా. "రాసుకో, శంకరు. మూడో బాయి."

రాసుకున్నాను గాని ఆశ్చర్యం వేసింది. మా దిక్కు ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో చెప్పరు. పెళ్లయి పన్నెండేళ్లయినా మా ఇంటావిడ నా పేరు పలకలేదు. రేషను కార్డు రాయించేటప్పుడు కూడా పక్కింటామెతో చెప్పించింది. రెండో ఇంట్లో అట్లాగే జరిగింది. ఆమె నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, "మా పోరగాండ్ల నాయిన," అని మాత్రం అని, పేరు కోసం పక్కింటి వైపు కేకేసింది. పక్కింటి నుంచి పేరు వచ్చింది.

కొంత దూరం నడిచాక టపా కాక అడిగాడు, "సమజైందా సారూ?"

"ఏమిటి?"

"నేను ఎవల్నన్న నీ పేరేందని అడుగంగ చూసినవా? పెండ్లాం నోటెంట జంకు లేకుంట అచ్చే పేరు బాయి పేరు. సిగ్గువడి ఆగిపోతె అది ఇంట్ల పేరు. ఒకటే పేరున్న ఇంట్ల సిగ్గే అడ్డం అస్తది. రెండున్న ఇంట్ల ఒకటి ఉరికస్తది. ఇన్నేండ్లు నా పుస్తకం గిట్లనే రాసిన."

నేను ఆగి నవ్వాను. ఆయనా నవ్వాడు. ఆ తర్వాత ప్రతి గడపలోనూ నాకు అదే ఆట అయింది. ఆమె నోరు తెరవక ముందే ఏమవుతుందో ఊహించడం, సరైతే ఆయన వంక చూడడం. కొమురయ్య పేరు వాళ్ల ఆమె నోటి నుంచి రాయి విసిరినట్టు వచ్చింది. నేను ముందే చెప్పానన్నట్టు తలూపాను.

బోరింగుకు ఎదురింటికి వచ్చాం. నిన్న టైమ్‌కీపరు గారు పట్టుకున్న ఇల్లు. లచ్చయ్య పదకొండేళ్ల కింద అన్న పేరు మీద రాజమల్లుగా దిగిన ఇల్లు. ఆయన మొదటి షిఫ్టుకు పోయాడు. ఇంటావిడ బయటికి వచ్చి, కాకకు నీళ్ల చెంబు అందించి కొంగు సవరించుకుంది. నేను కలం సిద్ధంగా పెట్టుకున్నాను.

"ఇంటాయన పేరు చెప్పు బిడ్డా," అన్నాడు టపా కాక. "బుక్కుల ఎక్కియ్యాలె."

ఆమె నా వంక చూసింది, ఆయన వంక చూసింది. "నీకెర్క లేదా కాకా? నువ్వే చెప్పరాదు."

"నువ్వే చెప్పాలె, కమిటీ హుకుం. బాయి మీది పేరే, ఫికర్ లేదు. చెప్పు."

"అగో, ఎట్ల చెప్త!" అంది. మొహం పక్కకు తిప్పుకుని, తలుపు రెక్క వెనక సగం దాక్కుంది. "వాళ్ల పేరు నేనెట్ల చెప్త కాకా? మర్యాదుంటదా?"

టపా కాక చేతిలో నీళ్ల చెంబు అట్లాగే ఉంది. నేను మెల్లగా అడిగాను, "రాజమల్లేనా అమ్మా?"

ఆమె తలుపు వెనక నుంచి అవునన్నట్టు తలాడించింది. చెంగు నోట్లో ఉంది, కళ్లు నవ్వుతున్నాయి.

ఆయన చెంబు గడప మీద పెట్టాడు. "ఊరికెల్లి కార్డులేసిన ఈమె అత్త పోయి రెండేండ్లాయె," అన్నాడు నాతో, ఆమెకు వినబడకుండా. "అప్పటిసంది లచ్చయ్య అని ఒక్క కార్డు రాలే. ఇప్పుడు చూడు, ఆమెకు ఈ పేరుకు గూడ సిగ్గస్తున్నది." తల అటూ ఇటూ ఊపాడు. అంత ఆనందంగా ఆయన మొహం నేను మళ్లీ చూడలేదు.

"ఏం రాయాలి కాకా?"

"రాజమల్లే రాయి సారూ. ఇగ అది ఆయన పేరే."

రాజమల్లు, మూడో వరస, బోరింగుకు ఎదురు అని రాశాను. తలెత్తేసరికి ఆయన పక్కింటి ముందు సైకిలు ఆపి, "తిన్నవా బిడ్డా?" అని అడుగుతున్నాడు.